వస్తానన్న మాట

గుల్లపేటలో ఇప్పుడు ఏ పనికీ ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు. ప్రతి గుమ్మం పక్కనా మున్సిపాలిటీ వారి స్తంభం ఒకటుంది. అది మనుషుల మాట వింటుంది, పని చేసిపెడుతుంది. నీళ్లు, రేషను, మందులు, అన్నిటికీ అదే దిక్కు.

ఆ మధ్యాహ్నం గాలి తిరిగింది. వేటకెళ్లిన పడవలన్నీ ఒడ్డెక్కాయి, ఎల్లాజీది తప్ప. అతని భార్య కాసులమ్మ స్తంభం దగ్గరికి పరుగెత్తింది.

"మా ఇంటాయన్ని ఎతకడానికి బోటు పంపించు బాబూ!"

"ఎల్లాజీ గారు ఇంట్లోనే ఉన్నారమ్మా" అంది స్తంభం. "వేకువన గుమ్మంలో 'వస్తాను' అన్నారు. వచ్చినట్టు రాసుకున్నాను."

"గడప దాటినోళ్లెవులైనా అలాగే అంతారు!"

"అయితే 'వెళ్లిపోయారు' అనండి, మారుస్తాను."

ముప్ఫై ఏళ్ల కాపురంలో, సముద్రమ్మీదున్న మనిషి గురించి ఆ ముక్క కాసులమ్మ ఎన్నడూ అనలేదు. కళ్లు మూసుకుని, "ఎల్లిపోనాడు" అంది. బోటు వెంటనే బయల్దేరింది.

చీకటి పడకముందే ఎల్లాజీని తెచ్చి దింపారు. నడిసముద్రంలో డీజిల్ అయిపోయింది, అంతే.

మర్నాడు వేకువకి గాలి సర్దుకుంది. ఎల్లాజీ గుమ్మంలో ఆగి స్తంభం వంక చూశాడు.

"పోతన్నానని సెప్పేత్తే సరిపోద్ది కదే."

కాసులమ్మ అతన్ని లోపలికి లాక్కొచ్చి, కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించింది. "ఇప్పుడు సరిగ్గా సెప్పి కదులు" అంది.

"వత్తానే."

వీధిలో ప్రతి గుమ్మంలోనూ అదే మాట వినిపించింది. స్తంభాలన్నీ వినయంగా రాసుకున్నాయి. తెల్లారేసరికి రేవులో ఒక్క పడవా లేదు. మున్సిపాలిటీ బోర్డు మీద మాత్రం గుల్లపేట మగాళ్లంతా క్షేమంగా ఇళ్లలోనే ఉన్నారు.