ఎయిర్ ఫిల్టర్ కొన్న రోజు

ఎత్తు ఎక్కుతుంటే బండి మళ్ళీ మొరాయించింది.

వెనక పార్సిళ్ళ సంచీ. పైన మండే ఎండ. ఆమె తిట్టుకుంటూ బండిని తోసుకొచ్చి స్పేర్ పార్టుల దుకాణం ముందు ఆపింది.

"అన్నా, ఎయిర్ ఫిల్టర్ పోయిందట. కంపెనీదే అక్కర్లేదు, వేరేవి ఉంటే చూపించు."

దుకాణదారు రెండు పెట్టెలు తెచ్చాడు. ఒకటి మడతలు మడతలుగా ఉన్న కాగితం ఫిల్టరు. రెండోది ఎర్ర స్పాంజిది, చూడముచ్చటగా ఉంది.

ఆమె చెయ్యి ఎర్రదాని మీదికే వెళ్ళింది.

"కాగితంది తీసుకోమ్మా" అన్నారెవరో వెనకనుంచి. "ఆ చవక స్పాంజి పొడిపొడిగా రాలి ఇంజన్లోకి పోతుంది."

ఎవరో ముసలాయన. మాట మాటకీ దగ్గు. ఆమెను కాదు, ఆమె బండినే తదేకంగా చూస్తున్నాడు.

"ఈ బండి నీదేనా అమ్మా?"

"మా ఆయనది."

భర్త ఇప్పుడు లేడు. ఊరవతల లారీ గుద్ది పోయాడు. రోడ్డు మీద ఒక్కడే, దిక్కులేకుండా పోయాడన్న ఊహే ఆమెకు కంటిమీద కునుకు లేకుండా చేస్తోంది.

"అతను..." అని ముసలాయన ఇంకేదో అనబోయాడు.

"మీ పని మీరు చూసుకోండి పెద్దాయనా! ఆడది బండి మీద కనబడితే చాలు, ప్రతివాడూ పాఠాలు చెప్పేవాడే."

ముసలాయన ముఖం చిన్నబోయింది. పక్కకు జరిగి దారిచ్చాడు.

ఆమె పంతానికి ఎర్రదే కొంది.

వానలు పడేనాటికి బండి మళ్ళీ ఆయాసపడింది. మెకానిక్ మూత విప్పి చూపించాడు.

"స్పాంజి ముక్కలైపోయింది అక్కా. ఇంకా నయం, ఇంజన్ దక్కింది."

మంచి చెప్పబోయిన మనిషి మీద నోరు పారేసుకున్నానే అని ఆమెకు సిగ్గేసింది. నేరుగా దుకాణానికి వెళ్ళింది.

"కాగితంది ఇవ్వన్నా. ఆ పెద్దాయన ఎప్పుడొస్తాడు? ఏమనుకోవద్దని చెప్పాలి."

దుకాణదారు తల దించుకున్నాడు.

"ఇంకెక్కడి పెద్దాయనమ్మా! పోయిన నెలే పోయాడు. ఊపిరితిత్తుల జబ్బు. ఓపిక ఉన్నన్నాళ్ళూ ఈ బల్ల మీద కూర్చుని నీ కోసం ఎదురుచూశాడు."

"నా కోసమా?"

"నీ బండి నంబరు గుర్తుపట్టాడు. ఇన్నాళ్ళూ నీ ఆచూకీ తెలియక వెతుకుతున్నాడట. ఆ రోజు ఎలా మొదలుపెట్టాలో తోచక ఫిల్టర్ మాట ఎత్తాడు."

"ఏం చెప్పాలని?"

"రోడ్డు మీద మీ ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, ప్రాణం పోయేదాకా కూర్చున్నది ఈయనేనమ్మా, నీకు చెప్పమని మీ ఆయన ఏదో మాట చెప్పాడట, నేనెంత అడిగినా అది నీకు తప్ప ఇంకొకరికి చెప్పనన్నాడు."