బావ టేపు

ఈ సంగతి పోస్టుకార్డు మీద రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రాస్తే పోయేది నా పరువే కదా!

కారు కొనడానికి దర్జీ అయిన మా బావ నన్ను షోరూముకు వెంటబెట్టుకెళ్లాడు. ఆ కంపెనీ చిన్నకారు, మధ్యకారు, పెద్దకారు, మూడింటి జాతకాలూ నాకు కంఠతా వచ్చు. (నడపడం రాదు, అది వేరే కథ.) మధ్యదాని గొప్పల గురించి నేను సేల్స్‌మన్‌కే పాఠం చెబుతుంటే, బావ మెడలోని టేపు తీసి, నేలమీద చతికిలబడి, ఒక్కో కారు సీటు ఎంత ఎత్తుందో కొలవసాగాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. "ఏం బావా, కారుకు లాగు కుడతావా?" అన్నాను. సేల్స్‌మన్ పకపకా నవ్వాడు.

బావ తలెత్తలేదు. "ఇరవై రెండంగుళాలుంటేనే మీ అక్క ఒకరి ఆసరా లేకుండా కూర్చుని లేవగలదురా. ఇంట్లో కుర్చీలన్నీ కొలిచే వచ్చాను. ఈ చిన్నది సరిగ్గా సరిపోయింది."

మాది పక్కిల్లే. రోజూ అక్క లేచి వెళ్లి కాఫీ పెట్టి తెస్తే తాగి వస్తున్నాను. ఎలా లేస్తోందో ఏనాడూ చూడలేదు.

చిన్నకారే కొన్నారు. అక్క ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక ఎక్కాను.