రంగు కలపని కారం

తన కొట్టుకి పట్టిన గతికి జగన్మోహనే కారణమని కూర్మనాథం నమ్మకం. జగన్మోహన్ పరాయివాడు కాదు. భార్య సూర్యావతికి సొంత తమ్ముడు. బర్మాలో తెలుగువాళ్లుండే తాకేటా బజారులో బావ కొట్టుకి సరిగ్గా ఎదురుగా కొట్టు పెట్టాడు. బావ అమ్మే ఎండుమిరప కారమే తనూ అమ్మాడు. అంతవరకూ కూర్మనాథం ఓర్చుకున్నాడు. బావమరిది బోర్డు కట్టిన రోజున మాత్రం అతనికి అన్నం సహించలేదు.

"రంగు కలపని కారం" అని ఉంది ఆ బోర్డు మీద. బర్మీస్‌లో పెద్దగా, ఇంగ్లీషులో కాస్త చిన్నగా, తెలుగులో ఇంకా చిన్నగా. పక్కన ఒక పచ్చటి ఆకు బొమ్మ. మిరపకాయకీ ఆ ఆకుకీ సంబంధమేమిటో ఎవరూ అడగలేదు.

ఆ వారమే ఫోన్లలో ఒక వీడియో తిరిగింది. కారంలో కలిపే ఎర్రరంగు కడుపులో చేరి మనిషిని లోపల్లోపలే తినేస్తుందని ఒకాయన చెప్పాడు. ఆయనెవరో ఎవరికీ తెలీదు. కళ్లజోడు మాత్రం పెట్టుకున్నాడు.

జనం రెండు కొట్లనీ మార్చి మార్చి చూశారు. జగన్మోహన్ కారం మసకగా, మట్టిలా ఉంది. కూర్మనాథం కారం ఎర్రగా నిగనిగలాడుతోంది. ఇంక తేల్చుకోవడానికి మిగిలిందేముంది?

బజారులో ఎవరేం కొనాలో నిర్ణయించేది బాలామణి. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. బర్మా వాళ్లు కూడా ఆవిడని సయామ అంటారు, టీచరమ్మ అని. ఆవిడ ఏ కొట్టు ముందు సంచి తెరిస్తే వీధి వీధంతా అక్కడే తెరుస్తుంది. ఇన్నేళ్లూ ఆ సంచి కూర్మనాథం ముందే తెరుచుకుంది. ఆ రోజు మాత్రం చిటికెడు కారం తీసి అరచేతిలో రుద్దింది. చెయ్యి ఎర్రబడింది.

"ఇంత ఎరుపేటి కూర్మనాథం?"

"తొడిమి తీసి, గింజ దులిపి మర ఆడిస్తే ఎరుపు రాక ఏటవుద్ది టీచరమ్మా. నూకాలమ్మ మీద ఒట్టు, నేను రంగు కలపను."

"కలిపినోళ్లందరూ ఒట్లే ఏస్తారు. కలపనోడికి బోర్డుంటాది," అంటూ ఆవిడ ఎదురు కొట్టుకి నడిచింది.

కూర్మనాథం కూడా బోర్డు కట్టించాడు. బావమరిదిని చూసి వాత పెట్టుకున్నాడని జనం నవ్వారు. ధర తగ్గించాడు. ఇంత చవగ్గా ఇస్తున్నాడంటే అందులో ఏదో ఉందన్నారు. ఎదుట జగన్మోహన్ ధర రెట్టింపు చేశాడు. నమ్మకం కూడా రెట్టింపైంది. తర్వాత ప్లాస్టిక్ సంచులు మానేసి కాగితం సంచుల్లో పోశాడు. వాటి మీద నవ్వుతున్న రైతు అవ్వ ఫొటో. ఆ అవ్వ జగన్మోహన్ అత్తగారు తాయారు. రేవు దాటి పొలాలుండే దలా వైపు కూడా వెళ్లిన మనిషి కాదు, పొలం మొహం ఎరగదు. ఆ సంగతి తెలిసినవాళ్లు కూడా ఆ నవ్వు చూసి సంచి పట్టుకెళ్లారు.

కూర్మనాథం తాత అహ్లోన్ రేవులో బియ్యం బస్తాలు మోసిన కూలితో పెట్టిన కొట్టు అది. దీపావళిలోగా అమ్మకాలు పుంజుకోకపోతే జగన్మోహన్‌కే ఇచ్చేద్దామని కూర్మనాథం భార్యతో అన్నాడు. ఆ మాట తమ్ముడికి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. మర్నాడే టీ గ్లాసు పట్టుకుని వచ్చి బావ పక్కన కూర్చున్నాడు.

"కొట్టు నాకిచ్చీ బావా. నెల జీతమిచ్చి నిన్నిక్కడే కూకోబెడతాను."

కూర్మనాథం తక్కెడ పళ్లెం తుడవసాగాడు.

"కారం రుచి ఎవుడు సూస్తన్నాడు బావా? మన బుద్ధి కనపడాల. నీ బుద్ధి నీ డబ్బాలో కనపడతన్నాదేటి?"

ఆ మాట గుచ్చుకుంది. ఆదివారం కూర్మనాథం కొట్టు తెరవలేదు.

సోమవారం అతని డబ్బాల్లో ఆ నిగనిగ లేదు. కారం మట్టిరంగుకి తిరిగింది. జగన్మోహన్ కారం కన్నా ఒక పిసరు మసకగానే ఉంది. కబురు తెలిసి బాలామణి వచ్చింది. చిటికెడు తీసి అరచేతిలో రుద్దింది. ఎరుపు అంటలేదు. ఆవిడ మొహం విప్పారింది.

"ఈ బుద్ధేదో ముందే ఉంటే ఎంత బాగుణ్ణు?"

కూర్మనాథం తల దించుకున్నాడు. "తప్పయిపోనాది టీచరమ్మా."

ఆవిడ సంచి తెరిచింది. ఆవిడ వెనకాల మరో సంచి, దాని వెనకాల మరోటి. తప్పు ఒప్పుకోవడానికి ఎంత గుండె ఉండాలి అని వరసలో ఎవరో అన్నారు. మిగతావాళ్లు తలలూపారు. జగన్మోహన్ ధర కన్నా కాస్త ఎక్కువే చెప్పాడు కూర్మనాథం. ఒక్కరూ బేరమాడలేదు.

దీపావళి వెళ్లిపోయింది. కొట్టు చేతిలోనే మిగిలింది. ఒకరోజు జగన్మోహన్ వచ్చి బావ కారం వేలితో తీసి వాసన చూశాడు. ఏదో అనబోయి, కొనేవాళ్ల వరస చూసి వెనక్కి వెళ్లిపోయాడు. సూర్యావతి మాత్రం ఇంటి వంటకి కారం రోట్లో వేరేగా దంచుకోవడం మొదలుపెట్టింది.

ఆ ఆదివారం కూర్మనాథం ఊళ్లోకి వెళ్లి మట్టిరంగు పొడి కొనుక్కొచ్చేదాకా, మూడు తరాలుగా ఆ కొట్టు కారంలో రంగన్నదే పడలేదు.