నీళ్లు తగలొద్దు

"ఏడాది నుంచి ఈ ట్యూబుతోనే తిరుగుతున్నావా పరమేశ్? చేతి నరాలు కలిపే ఆపరేషన్ చేయించుకోమన్నాను కదా!"

మేడ్చల్ ఆసుపత్రిలో డాక్టరమ్మ గొంతు పెంచింది. డయాలసిస్ కోసం పరమేశ్ ఛాతీలోకి వేసిన ట్యూబు చొక్కా సందులోంచి కనబడుతోంది. అతని మొహం గుమ్మడికాయలా ఉబ్బింది. మెడ మీద నరాలు తేలాయి.

"నాకెవలు జెప్పిన్రు మేడం?"

"మీ ఆవిడకు చెప్పాను. నువ్వు ఒప్పుకోవట్లేదంది. ఇప్పుడు చూడు, ట్యూబు చుట్టూ రక్తం గడ్డకట్టి ఛాతీలో పెద్ద రక్తనాళం మూసుకుపోతోంది. మాట విని ఉంటే చేతి నరం నుంచే డయాలసిస్ చేస్తూ, ట్యూబు ఎప్పుడో తీసేసేవాళ్లం. హాయిగా నీళ్లలోకి కూడా దిగేవాడివి."

స్కానింగ్ రాసిచ్చి ఆవిడ పక్క బెడ్డు దగ్గరికి వెళ్లిపోయింది.

నీళ్లు! పరమేశ్‌కు ఒళ్లు మండిపోయింది. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టి బతికిన మనిషి. ట్యూబు తడిస్తే ప్రాణానికే ముప్పని తోటివాళ్లు ఏడాదిగా అతన్ని గట్టు కూడా ఎక్కనివ్వలేదు. మళ్లీ ఎప్పుడు వల విసురుతానా అని అతను కళ్లల్లో ఒత్తులేసుకుని కూర్చున్నాడు. కట్టుకున్నదే ఇంత మోసం చేస్తే ఇంకెవరితో చెప్పుకుంటాడు?

భవాని మంచం కాళ్ల దగ్గర తల వంచుకుని నిలబడింది.

"గీ ట్యూబు ఎప్పుడు తీస్తరే అని ఎన్నిసార్లు అడిగిన? డాక్టరమ్మ ఇంక జెప్పలే అంటివి. తడిగుడ్డతోని గొంతు గోసినవ్ గదనే!"

ఆమె స్కానింగ్ చీటీ మడిచి కొంగున ముడేసుకుంది. అది చూసి అతనికి ఇంకా మండింది.

"నేను సస్తే నీకేమొస్తదే?"

"సస్తవనే జెప్పలే!" భవాని చివ్వున తలెత్తింది. "ట్యూబు ఉన్నన్ని దినాలు నిన్నెవ్వలు నీళ్ల దిక్కు రానియ్యరని ఉండనిచ్చిన. గిట్లయితదని నాకేం ఎరుక?"

"పిస్సలేసిందా? నీళ్లల్ల దిగితే సస్తనా? నాకు ఈత రాదా?"

భవాని అటూ ఇటూ చూసి, అతని చెవి దగ్గరకు వంగింది.

"కిడ్నీలు పోయినయని తెలిసిన్నాడు చెరువుల జారి పడ్డ అన్నవ్. నీ దోస్తులు గుంజి ఇంటికి తెచ్చిన్రు. ఎవ్వలకు చెప్పలే గని, నీ తడి లుంగీ పిండింది నేను. దాని కొసకు మూటగట్టిన, వలకు కట్టే సీసం గుండ్లు నా చేతికే తగిలినయి."