ఫస్టు ఆస్పత్రి దాటి

జీపు ఆగింది.

“ఫస్టు ఆస్పత్రి! ఫస్టు ఆస్పత్రి దిగేవోళ్ళు బేగి దిగండి!” అని కేకేశాడు డ్రైవరు గంగరాజు.

దుర్గాప్రసాద్ దిగలేదు. ఒళ్ళో నాలుగేళ్ళ కూతురు తేజస్వి మూలుగుతోంది. ఊపిరి తీసినప్పుడల్లా పిల్ల పక్కటెముకల కింద చర్మం లోపలికి పీక్కుపోతోంది. దాన్ని ఇంకాస్త గుండెకి హత్తుకుని, “పోనీ, పోనీ,” అన్నాడు.

రోడ్డు పక్కన బ్యానరుంది. ఉందంటే అలా ఇలా కాదు, ఆస్పత్రి మొత్తం దాని వెనకాల దాక్కుంది. ‘పిల్లల వైద్య నాణ్యత నివేదికలో జిల్లాకే ప్రథమం’ అని దానిమీద అక్షరాలు. ఎంత లావు అక్షరాలంటే, ఎదురు కొండ మీద మేకలు కాసుకునేవాడు కూడా కూర్చున్నచోటి నుంచే చదువుకోవచ్చు. చదువొస్తే.

ఆ నివేదిక మూడు నెలలకోసారి వస్తుంది. ఏ ఆస్పత్రిలో పిల్లల్ని ఎలా చూస్తున్నారో ఆ ఆస్పత్రి రాసి పంపిన లెక్కల్ని బట్టే తేల్చి, బాగున్నచోట పచ్చ గుర్తు, బాగాలేనిచోట ఎర్ర గుర్తు పెడతారు. ఈ ఆస్పత్రికి అన్నీ పచ్చ గుర్తులే. దాని ప్రకారం ఈ చుట్టుపక్కల పిల్లలు ఏడాదిగా జబ్బు పడలేదు సరికదా, దగ్గడం మర్యాద కాదని అదీ మానేశారు.

పసుపు బస్తా మీద చెయ్యేసుకుని కూర్చున్న సోములమ్మకి ఉండబట్టలేదు.

“ఏటి బాబూ, గుంట ఒల్లు పెనంలాగ కాలిపోతంది. గుమ్మం ముందర ఫస్టు ఆస్పత్రి ఎట్టుకుని ఎక్కడికెల్తావు?”

“పై ఆస్పత్రికి.”

“లాస్టు ఆస్పత్రికా!” సోములమ్మ బుగ్గలు నొక్కుకుంది. “పరీచ్చ తప్పినోడి కాడ టూసనెట్టించినట్టుంది నీ యవ్వారం.”

గంగరాజు నవ్వుతూ గేరు మార్చాడు.

“ఆ డాక్టరమ్మ గొప్ప నీకు తెల్దేటి పిన్నీ? ఆవిడొచ్చిన్నాటికి అది ఆరో ర్యాంకు ఆస్పత్రి. ఆర్నెల్లు ఒల్లొంచి పన్జేసి లాస్టుకి తెచ్చింది. దగ్గిన గుంటడల్లా దగ్గేడనే రాసేస్తాది. మందు నిండుకుంటే నిండుకుందనే రాసేస్తాది. మరి ర్యాంకెలాగొస్తాది, నువ్వే సెప్పు?”

“పైన ఆక్సిజన్ ఉంటుందా?” అడిగాడు దుర్గాప్రసాద్.

“ఉంటాది బాబూ. సిలిండరు ఖాళీ అని పోయినసారి ఎర్ర గుర్తెట్టేరు. డాక్టరమ్మ ఆ కాయితమే పట్టుకెల్లి ఆఫీసు గుమ్మంలో కూకుంది. ఇస్తేగాని లెగనంది. నిండు సిలిండరు నా జీపులోనే ఎక్కించింది.”

“మరి ఫస్టు ఆస్పత్రిలోనో?” అంది సోములమ్మ.

“అక్కడ మొదట్నుంచీ పచ్చ గుర్తే. పచ్చ గుర్తున్న సిలిండర్ని ఎవుడు నింపుతాడే?”

“సిలిండరు లేపోతే పోనీ, డాక్టరుంటాడు కదా!”

“డాక్టరు లేడు,” అన్నాడు దుర్గాప్రసాద్.

“సూసొచ్చినట్టు సెప్తన్నావే! ఏ ఊరు బాబూ మీది?”

“విశాఖపట్నం.”

“అదీ సంగతి!” సోములమ్మ కనుబొమ్మలెగరేసింది.

అరకు చూడ్డానికొచ్చే బాపతని జీపు జీపంతా తీర్మానించేసింది. పట్నమోళ్ళకి ఏజెన్సీ డాక్టర్లంటే లోకువేనని కూడా తేల్చేసింది. అతను కాదనలేదు. కూతురికి కాఫీ తోటలు చూపిద్దామనే కదా బయల్దేరాడు. రాత్రి దగ్గు మొదలైంది. పొద్దున్నకి జ్వరం అందుకుంది. ఘాట్ రోడ్డులో కారు మొరాయించింది. ఇప్పుడు పిల్ల పెదాలు నేరేడుపండు రంగుకి తిరుగుతున్నాయి.

“డ్రైవరు గారూ, కొంచెం తొందరగా,” అన్నాడు.

లాస్టు ఆస్పత్రికి బ్యానరు లేదు. గుమ్మం పక్క గోడకి నివేదిక అంటించి ఉంది. మిరపకాయలు ఆరబోసినట్టు నిండా ఎర్ర గుర్తులే. ఒక్కో గుర్తు పక్కన పెన్సిలుతో ఏదో ఒకటి రాసుంది. ‘పిల్లల ఊపిరి లెక్కపెట్టడం లేదు’ అన్న మాట పక్కన, ‘ఇవాళ్టి నుంచి ప్రతి బిడ్డకీ. నిమిషం నిండా. గడియారం చూసి’ అని.

డాక్టర్ కృపావతి చీటీ కూడా అడక్కుండా పిల్లని అందుకుంది. గౌను పైకెత్తి, చేతి గడియారం కేసి చూస్తూ నిమిషం పాటు ఎవరితోనూ మాట్లాడలేదు.

“యాభై ఎనిమిది. నిమోనియా,” అంది. “ఇంకో గంట ఆగుంటే నేనూ ఏం చెయ్యలేకపోదును.”

ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టింది. ఇంజెక్షన్ చేసింది. కుదుటపడకపోతే పెద్దాస్పత్రికి పంపాలని అంబులెన్సుకి కబురు చేసింది. దుర్గాప్రసాద్ మంచం కోడు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

గంటన్నరకి తేజస్వి పెదాలకి రంగొచ్చింది. కళ్ళు విప్పి, “నాన్నా, బిస్కెట్టు,” అంది.

అప్పుడు కూర్చున్నాడు. కూర్చుని, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, ఆడవాళ్ళ ముందని కూడా చూసుకోకుండా ఏడ్చాడు.

కృపావతి అతను తేరుకునేదాకా ఆగి రిజిస్టరు తెరిచింది.

“దారిలో ఆస్పత్రి ఉండగా దాటొచ్చారు. ఎందుకో రాయాలండీ. ఇదీ నివేదికలోకే వెళ్తుంది.”

“అక్కడ డాక్టరు లేడని రాయండి.”

ఆమె పెన్ను ఆగింది. “లోపలికెళ్ళి చూశారా?”

“లేదండీ.”

“చూడకుండా ఎలా రాస్తాను? జిల్లాకే ఫస్టొచ్చిన ఆస్పత్రి అది. లాస్టొచ్చినవాళ్ళు కడుపుమంటతో రాశారంటారు. ఆయన అక్కడ లేడనడానికి మీ దగ్గర రుజువేమైనా ఉందా?”

దుర్గాప్రసాద్ కూతురి పాదం మీద చెయ్యి వేసి, తలెత్తకుండా అన్నాడు: “ఉందమ్మా, ఆ డాక్టర్ని నేనే.”