కొత్త కంప్యూటరు, పాత పెట్టె

ఇలా నా పక్కకి జరుగు. ఆ బొమ్మ అవతల పెట్టి విను, మళ్ళీ మళ్ళీ చెప్పను.

ఆసుపత్రి మంచమ్మీద నెలలు నిండిన ఇరవై ఏళ్ళ పిల్ల. పొద్దుటి నుంచి కడుపులో బిడ్డ కదలట్లేదు. బిడ్డ గుండె తీరు కాగితమ్మీద చూస్తేగానీ ఆపరేషన్ చెయ్యాలో వద్దో తేల్చనంది డాక్టరమ్మ. పొట్టకి కట్టిన పట్టీ వైరు బిడ్డ గుండె చప్పుడు పట్టే పాత పెట్టెలోకి, పెట్టె వైరు ఆ రోజే వచ్చిన కొత్త కంప్యూటరులోకి వెళ్ళాయి. తెర మీద మాత్రం గీత లేదు.

"గీత లేదేంటమ్మా? బిడ్డకేమైంది?" ఆ పిల్ల అత్తగారు నర్సు చెయ్యి పట్టుకుంది.

"బిడ్డ సంగతి నాకు తెలీదు పెద్దమ్మా. ఇక్కడ డ్రైవర్ కుదరట్లేదు," అన్నాడు కంప్యూటరతను చెమట తుడుచుకుంటూ.

"మధ్యలో వాడెవడు నాయనా?"

"మనిషి కాదు. పెట్టె మాట కంప్యూటరుకి చెప్పే దుబాసీ అనుకోండి."

కొత్త డ్రైవర్ ఎక్కించాడు. గుండె గీత గీసే పాత ప్రోగ్రాం మొహం తిప్పుకుంది. పాత డ్రైవర్ ఎక్కించాడు. ఈసారి కంప్యూటరు మొహం తిప్పుకుంది, దాని గడువు ఎప్పుడో అయిపోయిందని.

"ఇలా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అలుగుతుంటే ఎవర్ని బతిమాలాలి బాబూ?" నర్సు తల పట్టుకుంది.

అత్తగారికి ముక్క అర్థం కాలేదు. అయినా ఊరుకోలేక అడిగింది. "గడువు అవకముందే వచ్చుంటే ఒప్పుకునేదా?"

అతని చెయ్యి ఆగింది. ఆమె వంక ఓసారి చూసి, కంప్యూటరులో తారీఖు పదేళ్ళు వెనక్కి తిప్పాడు. ఊహూఁ. పదిహేనేళ్ళు. ఊహూఁ. ఇరవై ఒక్కేళ్ళు.

గీత లేచింది! గుర్రం పరుగెడుతున్నట్టు గదంతా టకటకా గుండె చప్పుడు. అత్తగారు నేల మీదే కూలబడి ఏడ్చేసింది.

డాక్టరమ్మ వచ్చి కాగితమంతా చూసింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"గుండె భేషుగ్గా ఉంది, ఆపరేషన్ అక్కర్లేదు. కానీ ఇదేంటి, తల్లి వయసు మైనస్ ఒకటని పడింది?"

అత్తగారు కంగారుగా లేచి, కోడలు మంచమ్మీద ఉందో లేదో తడిమి చూసుకుంది.

ఆ కాగితం ఇదిగో, ఇన్నాళ్ళూ నా దిండు కిందే ఉంది. నువ్వు మర్చిపోకు, రేపు నీ పిల్లలకీ చెప్పు: నీ గుండె చప్పుడు, మీ అమ్మ పుట్టడానికి ఏడాది ముందే కాగితమెక్కింది.