బిక్షపతి ఛానెల్

ఉప్పల్, బోడుప్పల్ ఇళ్లల్లో రోజూ చూసే ఆ నాచారం కేబుల్ ఛానెల్‌ను పెట్టింది బిక్షపతి. పోయిన నెల ఆయన చనిపోగానే చిదంబరం అనే వ్యాపారి దాని వాటాలన్నీ కొనేశాడు. ఈ రాత్రి న్యూస్ రీడర్ త్రివేణి చేతిలో ఒక కాగితం పెట్టాడు. ఛానెల్‌ను స్థాపించింది తానేనని అందులో రాయించాడు.

"ఇది తప్ప ఇంకేమీ చదవకండమ్మా. అద్దం అవతల నుంచి చూస్తుంటాను," అన్నాడు.

త్రివేణి స్టూడియోలో ఒక్కతే కూర్చుంది. బులెటిన్ మొదలవబోతుండగా, ఇయర్‌ఫోన్‌లో ఎవరో దగ్గారు. అది బిక్షపతి దగ్గు. ఆమె తల తిప్పి చూసింది. అద్దం అవతల చిదంబరం తప్ప ఎవరూ లేరు. అతను ఆమె ఇయర్‌ఫోన్‌కు కలిపిన మైకుకు దూరంగా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"భయమైతే గా కాయిదమే సదువు బిడ్డా," అంది చెవిలో గొంతు. "నేనేమనుకోను."

ఆ జాలి ఆమెకు నచ్చలేదు. కాగితాన్ని మడిచి పక్కన పడేసి, కెమెరాలోకి సూటిగా చూసింది.

"ఈ ఛానెల్ పెట్టింది బిక్షపతి సారు. ఎవలు కొన్నా గా మాట మారదు."

చిదంబరం పరుగెత్తి మెయిన్ స్విచ్ ఆపేశాడు. లైట్లన్నీ ఆరిపోయాయి. ఏసీ హోరు కూడా ఆగిపోయింది. ప్రసారం నడుస్తోందని చెప్పే కెమెరా మీది ఎర్ర దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

"కరెంటు తీసేశానే, అదెలా వెలుగుతోంది?" చీకట్లోంచి అరిచాడతను.

అది త్రివేణికీ తెలియదు. కుర్చీ ముందుకు జరుపుకుని, బిక్షపతి ఆ ఛానెల్‌ను ఎలా మొదలుపెట్టాడో మొదటి నుంచి చెప్పసాగింది.